వైట్ వైన్ సాంగ్రియా: వేసవి విందుకు ఏ వైన్, ఏ పండు, ఎంత తీపి

వేసవి సాయంత్రం మేడ మీదో పెరట్లోనో పది పన్నెండు మంది కూర్చునే విందులో, గ్లాసులో పోసేది చల్లగా, తేలికగా, పండ్ల వాసనతో ఉండాలనుకునేవారికి వైట్ వైన్ సాంగ్రియా కంటే అనువైనది నాకు తెలిసి మరొకటి లేదు. అయితే చేతికందిన సీసా ఒకటి, బుట్టలో ఉన్న పండ్లన్నీ, గుప్పెడు చక్కెర జగ్గులో వేసి కలిపితే అది సాంగ్రియా అయిపోదు. ఏ వైన్‌కు ఏ పండు జత, తీపి ఎక్కడి నుంచి రావాలి, బ్రాందీ అవసరమా, సోడా ఎప్పుడు పోయాలి అన్న ఎంపికల మీదే దాని రుచి అంతా ఆధారపడి ఉంటుంది కనుక, ఇంట్లో ఎన్నో వేసవులు చేసి చూసిన అనుభవంతో వాటిని పోల్చి, దేన్ని ఎందుకు ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

సాంగ్రియా పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు. స్పానిష్ భాషలో 'సాంగ్రే' అంటే రక్తం. ఎర్ర వైన్‌లో నిమ్మజాతి పండ్ల రసం, ముక్కలు, కొంచెం తీపి కలిపి చల్లగా పోసే పానీయానికి ఆ రంగును బట్టే ఈ పేరు వచ్చిందంటారు. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన నియమావళి ప్రకారం స్పెయిన్‌లోనో పోర్చుగల్‌లోనో తయారైన దాన్ని మాత్రమే సాంగ్రియా అన్న పేరుతో అమ్మాలి, దానిలో ఆల్కహాల్ 4.5 శాతానికి తగ్గకూడదు, 12 శాతం లోపే ఉండాలి. వైట్ వైన్‌తో అదే పద్ధతిలో చేసినదానికి ఆ నియమావళిలో 'క్లారియా' అని వేరే పేరే ఉంది. ఇంట్లో చేసుకునే మనకు ఆ చట్టంతో నిమిత్తం లేదు గాని, 4.5 నుంచి 12 వరకు ఉన్న ఆ హద్దు మాత్రం మంచి కొలబద్ద, దాన్ని తరువాత వాడుకుందాం.

మొదటి ఎంపిక ఎర్ర వైనా, తెల్ల వైనా అన్నది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి దిగే వగరు ఉంటుంది, బాగా చల్లబరిస్తే ఆ వగరు మరింత పైకి వస్తుంది. అందుకే ఎర్ర సాంగ్రియాకు తీపి ఎక్కువ పడుతుంది, తరచు బ్రాందీ కూడా తోడవుతుంది. వైట్ వైన్‌కు ఆ బాధ దాదాపు లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన 6, 8 డిగ్రీల చలిలో కూడా అది తేటగానే ఉంటుంది, పైగా మామిడి, కర్బూజ, పీచ్ వంటి సుకుమారమైన వాసనలను మింగేయకుండా వాటి పక్కన నిలబడుతుంది. చలికాలంలో కబాబులతో తాగడానికి ఎర్రదాన్నే ఎంచుకోవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ముఖ్యంగా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, నా ఓటు తెల్లదానికే.

అసలు సాంగ్రియాయే కావాలా అన్నది కూడా ఆలోచించదగిన ప్రశ్న. స్పెయిన్ వాళ్లు తమ ఇళ్లలో వేసవి దాహానికి ఎక్కువగా తాగేది 'తింతో దె వెరానో', అంటే ఎర్ర వైన్‌లో నిమ్మ సోడా కలిపినది. సెవిల్ నగరంలో వసంత జాతర రోజుల్లో షెర్రీ వైన్‌లో నిమ్మ సోడా, పుదీనా వేసి 'రెబుహీతో' అనే పానీయం చేస్తారు. ఈ రెండింటికీ నానబెట్టే పని లేదు, ముందు రోజు ఆలోచించే పని లేదు. ముగ్గురు నలుగురే వస్తున్నప్పుడు, లేదా కబురు లేకుండా బంధువులు దిగినప్పుడు, చల్లని వైట్ వైన్‌లో అంతే కొలత నిమ్మ సోడా పోసి ఇస్తే చాలు. సాంగ్రియాకు కనీసం మూడు గంటల వ్యవధి, ఆరుగురికి తగ్గని మంది ఉన్నప్పుడే దాని కష్టానికి ఫలితం కనిపిస్తుంది.

వైన్ ఎంపిక

ఆవకాయ పెట్టేవారు కాయను ఎలా ఎంచుకుంటారో మనందరికీ తెలుసు. తియ్యటి కాయను ఎవరూ కోరరు. ముక్క కొరికి చూసి, పళ్లు జిల్లుమనేంత పులుపు ఉంటేనే బేరమాడతారు, ఎందుకంటే కారం, ఆవపిండి, నూనె తరువాత ఎలాగూ వచ్చి కలుస్తాయి, పులుపు మాత్రం కాయలోనే ఉండాలి. సాంగ్రియాకు వైన్‌ను ఎంచుకోవడంలోనూ నేను నమ్మే సూత్రం ఇదే. తీపి పండ్ల నుంచి వస్తుంది, వాసన కొంత పండ్ల నుంచి, కొంత తొక్కల నుంచి వస్తుంది, కానీ ఆ మొత్తాన్ని నిలబెట్టే పులుపు వైన్‌లోనే ఉండాలి. అది లేని వైన్‌లో ఎన్ని పండ్లు వేసినా రుచి చప్పగా, నాలుకకు అంటుకునేటట్టు తయారవుతుంది, నిమ్మరసం పిండి సరిచేయబోతే షర్బత్ అవుతుంది తప్ప వైన్ రుచి తిరిగి రాదు.

ఈ లెక్కన సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన వైన్ అన్నిటికంటే నమ్మకమైనది. నిమ్మ, పచ్చగడ్డి, ఉసిరి లాంటి వాసన, గట్టి పులుపు దీని లక్షణం. కమలా, పచ్చ ఆపిల్, పైనాపిల్, పుల్లమామిడి, అన్నిటికీ ఇది సరిపోతుంది. భారతదేశంలో వైట్ వైన్ చేసేవారందరి దగ్గరా దాదాపు ఇది ఉంటుంది. నాసిక్ చుట్టుపక్కల సులా, నంది కొండల దగ్గర గ్రోవర్, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాతెల్లి వంటి సంస్థల సీసాలు హైదరాబాద్, విశాఖపట్నం వంటి పట్టణాల్లో కొంచెం పెద్ద దుకాణాల్లో కనిపిస్తాయి. ఆ వరుసలోనే పక్కన ఉండే షెనిన్ బ్లాంక్ కొంత మెత్తనిది. ఆపిల్, పియర్, తేనె వాసనలతో, మన దేశంలో చేసే వాటిలో చాలావరకు లేత తీపితో ఉంటుంది. వైన్ అలవాటు లేని అతిథులు ఎక్కువగా ఉంటే, లేదా విందులో కారం దండిగా ఉంటే షెనిన్ మేలు, అయితే అప్పుడు చక్కెర పాకం సగానికి సగం తగ్గించాలి. రెండింట్లో ఒకటే కొనవలసి వస్తే నేను సావిన్యాన్ కొంటాను. తీపి లేనిదానికి తీపి చేర్చవచ్చు గాని, చేరిన తీపిని తీసివేసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉండేవారికి అవకాశాలు ఇంకా విశాలం. పోర్చుగల్ వాయవ్య ప్రాంతపు విన్యో వెర్దె లేత వయసులోనే తాగే వైన్. దానిలో ఆల్కహాల్ తరచు 9 నుంచి 11 శాతం మధ్యే ఉంటుంది, సన్నని బుడగ కూడా ఉంటుంది కనుక ఎండపూట విందుకు దానికి సాటి లేదు. డాలస్‌లో ఉండే మా అక్క జూలై 4 సెలవుకు పెరట్లో పొయ్యి వెలిగించినప్పుడల్లా ఈ వైన్‌తోనే జగ్గు నింపుతుంది, టెక్సాస్ ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు నుంచి వచ్చే పీచ్ పండ్లు ఆ రోజుల్లోనే దొరుకుతాయి. స్పెయిన్‌లోని రుయేదా ప్రాంతపు వెర్దేహోలో నిమ్మ, సోంపు వాసన ఉంటుంది, అది కమలాతో అద్భుతంగా కలుస్తుంది. గలీసియా తీరపు అల్బారిన్యో వాటన్నిటికంటే గొప్ప వైనే, కానీ దాని ధర, దాని సున్నితత్వం చూస్తే చేపల వేపుడు పక్కన విడిగా తాగడమే న్యాయం, ముక్కలు వేసి కప్పివేయడం దానికి అన్యాయం. పీనో గ్రిజియో ఎక్కడైనా చవకగా దొరుకుతుంది. దానికి సొంత గొంతు తక్కువ కనుక పండ్లు బాగా మాగినవి ఉన్న రోజున పనికొస్తుంది.

వద్దని చెప్పవలసినవి రెండు. ఓక్ పీపాల్లో ఉంచిన షార్డొనే మొదటిది. దానిలోని వెన్న, వెనిలా వాసనలు నిమ్మతొక్కతో కలిసినప్పుడు విరిగిన పాలు గుర్తుకొస్తాయి. ధర ఎక్కువగా ఉన్నది మంచిదన్న భ్రమతో ఒక ఉగాది మరుసటి ఆదివారం నేనే రెండు సీసాలు ఇలా పాడుచేసుకున్నాను. పీపా తగలని షార్డొనే అయితే పరవాలేదు. 'మొస్కాతో దాస్తి' అనే ఇటలీ తీపి వైన్ రెండవది. దాని పరిమళం ఎంత బాగున్నా తీపి ముందే నిండుగా ఉంటుంది, ఆల్కహాల్ 5 శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది కనుక రసం, సోడా కలిపేసరికి అది 3 శాతానికి జారి, పైన చెప్పుకున్న హద్దు దాటి కిందికి పోతుంది. లిచీ పండ్లు వచ్చే జూన్ మొదటి వారాల్లో, ఒక సీసా సావిన్యాన్‌కు పావు సీసా ఈ తీపి వైన్ కలిపితే మాత్రం లిచీ వాసన గ్లాసు అంచు దాకా వస్తుంది. ఆ ఒక్క సందర్భానికి దాన్ని మినహాయిస్తాను.

దుకాణంలో మరొక జాగ్రత్త అవసరం. సీసా మీద ద్రాక్ష కోసిన సంవత్సరం చూడాలి. సాంగ్రియాకు ఏడాది, రెండేళ్లకు మించని వైట్ వైనే కావాలి. మన వేసవిలో ఏసీ లేని దుకాణం అద్దాల పక్కన ఎండ తగిలేలా నిలబెట్టిన సీసాలో వైన్ ఉడికిపోయి, పసుపు ముదిరి, పాత ఆపిల్ వాసన పడుతుంది. అటువంటిది తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోకూడదు. లోపల ఫ్రిజ్‌లోనో చల్లని గదిలోనో ఉన్నదాన్ని అడిగి తెప్పించుకోవడం మంచిది.

పండ్లు

ఇక్కడే మనకు వేరెవరికీ లేని సౌకర్యం ఉంది, ఇక్కడే పొరపాట్లకూ అవకాశం ఎక్కువ. సాంగ్రియాలో పండ్లు మూడు రకాల పనులు చేస్తాయి. నిమ్మజాతివి పులుపునూ తొక్క వాసననూ ఇస్తాయి, మెత్తనివి తీపినీ పరిమళాన్నీ వదులుతాయి, గట్టివి వైన్‌ను పీల్చుకుని చివరకు కొరుక్కుని తినడానికి మిగులుతాయి. ఒక్కొక్క పనికి ఒక పండు చొప్పున మూడు పండ్లు చాలు. అయిదో ఆరో వేస్తే ఏదీ స్పష్టంగా తెలియదు.

మామిడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అడిగేవారంతా దాన్నే అడుగుతారు. రసాలు, అవి చిన్నవైనా పెద్దవైనా, దీనికి పనికిరావు. వాటి గొప్పతనమంతా చేతిలో మెత్తగా పిసికి నోటితో జుర్రుకోవడంలో ఉంది, ముక్క కోయబోతే పీచు, గుజ్జు తప్ప మిగలదు, వైన్‌లో పడగానే మడ్డిగా మారుతుంది. బంగినపల్లికి పీచు తక్కువ, కండ గట్టిది, చాకుతో కోసిన ముక్క అంచు చెదరకుండా నిలుస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండు సాంగ్రియాలో కూడా తన మర్యాద నిలుపుకుంటుంది. పూర్తిగా మాగినది కాక, తొడిమ దగ్గర ఇంకా కొంచెం బిగువు ఉన్నది తీసుకోవాలి. తోతాపురి మరొక మంచి దారి. దాని పసుపు కండలో మాగిన తరువాత కూడా పులుపు జాడ ఉంటుంది కనుక, తీపి ఉన్న షెనిన్‌తో అది బంగినపల్లి కంటే బాగా కలుస్తుందని నా అభిప్రాయం. ఏ మామిడైనా మిగిలిన పండ్లతో పాటు రాత్రంతా నానబెట్టకూడదు, అతిథులు రావడానికి గంట ముందు వేస్తే చాలు.

నిమ్మజాతి విషయంలో బత్తాయి, కమలా మధ్య తేడా తెలుసుకోవలసినది. వేసవిలో కమలా సరుకు తగ్గి బత్తాయే ఎక్కువగా దొరుకుతుంది కనుక దాన్నే వాడాలన్న ఆలోచన సహజం. ఒకసారి నేను మధ్యాహ్నం పన్నెండింటికి అర లీటరు బత్తాయి రసం తీసి, వడగట్టి, వైన్‌లో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ క్షణంలో తేనెలా ఉన్నది సాయంత్రం ఏడింటికి గ్లాసులో పోసేసరికి నాలుక వెనుక వేపాకు నమిలినట్టు చేదెక్కింది. వచ్చినవాళ్లు మొహమాటంతో ఒక్కొక్క గుక్క తాగి గ్లాసులు పక్కన పెట్టారు. బత్తాయి రసంలో పిండినప్పుడు లేని చేదు, రసం నిలవ ఉన్న కొద్దీ దానిలోని ఆమ్లం వల్ల లిమోనిన్ అనే పదార్థం ఏర్పడి పెరుగుతుంది. ఇది పండు లోపం కాదు, దాని గుణం. కాబట్టి బత్తాయి తప్పనిసరైతే పోసే ముందు అప్పటికప్పుడు పిండాలి. నాగపూర్ కమలా దొరికినన్నాళ్లు దాన్ని, తరువాత దిగుమతి అయ్యే ఆరెంజ్‌ను తీసుకోవడం సురక్షితం. ఏ నిమ్మజాతి పండుదైనా తొక్క పైపొరను మాత్రమే సన్నగా చెక్కి వేయాలి, దాని కింద ఉండే తెల్లని బెండులాంటి పొర నానితే అదీ చేదే. చక్రాలుగా తరిగి వేయడం అందంగా ఉంటుంది గాని, అవి రెండు మూడు గంటలకు మించి వైన్‌లో ఉండకూడదు.

కర్బూజ వాసనకు విన్యో వెర్దె గాని సావిన్యాన్ గాని మంచి జోడీ, పండు మరీ మెత్తబడక ముందే వాడాలి. పుచ్చకాయలో తొంభై శాతానికి పైగా నీరే కనుక ముక్కలుగా వేస్తే వైన్ పలుచబడి తేలిపోతుంది. దాన్ని ఉండలుగా తీసి గడ్డకట్టించి, ఐసు ముక్కలకు బదులు గ్లాసులో వేయడం సరైన పద్ధతి. గింజలేని తెల్ల ద్రాక్షకూ ఇదే ఉపయోగం, రాత్రి ఫ్రీజర్‌లో పెట్టిన ద్రాక్ష గ్లాసును చల్లగా ఉంచుతుంది, కరిగినా నీరు కలపదు. పైనాపిల్ వేస్తే అది తప్ప మరొకటి వినిపించదు కనుక ఒక్క చక్రానికి మించకూడదు. అరటి, సపోటా, బొప్పాయి అసలు వద్దు. గట్టి పండ్లలో పచ్చ ఆపిల్‌ను మించినది లేదు, రాత్రంతా నానినా కరకర పోదు.

తాటి ముంజల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాటికి సొంత రుచి లేతగానే ఉంటుంది, కానీ వైన్‌ను, కమలా వాసనను పీల్చుకున్న ముంజ ముక్క నోట్లో చల్లగా జారిపోయే తీరు మరే పండులోనూ లేదు. పై పొర పూర్తిగా ఒలిచి, లేత ముంజలను మాత్రమే తీసుకుని, కోసిన రోజే వాడాలి. ముదిరినవి రబ్బరులా సాగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన గెలలు పెట్టుకుని కొట్టి ఇచ్చేవారి దగ్గర డజను కొని ఒక్కసారి వేసి చూడమని నా మనవి.

తీపి, బ్రాందీ, సోడా

చక్కెరను నేరుగా చల్లని వైన్‌లో వేస్తే అది కరగక జగ్గు అడుగున పేరుకుంటుంది, మొదటి గ్లాసు పుల్లగా, చివరిది పాయసంలా ఉంటుంది. సమానంగా నీళ్లు, చక్కెర వేసి కరిగించి చల్లార్చిన పాకం ఒక మార్గం. తేనె మరొకటి, కానీ దాని వాసన మామిడితో పోటీ పడుతుంది. నేను ఎంచుకునేది మూడవ మార్గం, అది మాగాయ పెట్టే ఇంట్లో పెరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే ఊట దిగినట్టే, ఆపిల్, పీచ్, కమలా తొక్కలకు రెండు చెంచాల చక్కెర, అర చెక్క నిమ్మరసం పట్టించి మూతపెట్టి అరగంట ఉంచితే, ముక్కలు నిగనిగలాడుతూ తమ ఊటలో తాము తేలుతుంటాయి. అప్పుడు దాని మీద వైన్ పోస్తే తీపి విడిగా కాక పండు రుచితోనే కలిసి వస్తుంది. నాలుకకు ఇంకా కావాలనిపిస్తే మాత్రమే పాకం, అది కూడా చివరలో వేసుకోవాలి.

బ్రాందీ వేయాలా వద్దా అన్నది లెక్క చూసి తేల్చుకోవలసిన విషయం. 12.5 శాతం ఆల్కహాల్ ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాకు 150 మిల్లీలీటర్ల కమలా రసం, సుమారు 45 మిల్లీలీటర్ల ఊట లేదా పాకం, 300 మిల్లీలీటర్ల సోడా కలిపితే ఏడు గ్లాసులు వస్తాయి, ఆల్కహాల్ 7.5 శాతం దగ్గర నిలుస్తుంది. అదే జగ్గులో మన దేశంలో 42.8 శాతంతో వచ్చే బ్రాందీ 90 మిల్లీలీటర్లు పోస్తే అది 10 శాతానికి ఎక్కుతుంది. చల్లదనం, తీపి ఆ పెరుగుదలను నాలుకకు తెలియనివ్వవు కనుక, మంచినీళ్లలా తాగేవారికి ఎండలో తల తిరిగేవరకు విషయం తెలియదు. పైగా గోధుమ రంగు బ్రాందీ తేటగా ఉన్న వైట్ వైన్‌ను టీ నీళ్ల రంగుకు దింపుతుంది. పగటి విందుకు ఏ స్పిరిటూ వద్దన్నదే నా గట్టి సలహా. రాత్రి భోజనానికి కొంచెం గాఢత కావాలంటే కమలా లికర్, అంటే కమలా వాసనతో చేసిన తీపి మద్యం, 60 మిల్లీలీటర్లు అన్నిటికంటే పొందికైనది, తెల్ల రమ్ దాని తరువాతది, అది మామిడికి బాగా నప్పుతుంది.

భోజనంలో కారం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఆల్కహాల్ పెరిగిన కొద్దీ నోటిలో మిరప మంట పెరుగుతుంది. అందుచేత గుంటూరు కారంతో చేసిన కోడి వేపుడు పక్కన 10 శాతం సాంగ్రియా కంటే 6, 7 శాతం ఉన్నది, కొద్దిగా తీపి ఉన్నది నయం. చేపల వేపుడు, పకోడీ, పనీర్ టిక్కా వంటివాటికి తీపి తక్కువగా, నిమ్మ ఎక్కువగా ఉంచవచ్చు.

ఇక బుడగకు సంబంధించి మామూలు సోడా, నిమ్మ రుచి ఉన్న తీపి సోడా, బుడగల వైన్ అని మూడు ఎంపికలు ఉన్నాయి. తీపి సోడా వాడితే అప్పటిదాకా చక్కెర విషయంలో పడిన జాగ్రత్త అంతా వృథా. స్పెయిన్‌లో కాటలోనియా ప్రాంతం వారు 'కావా' అనే తమ బుడగల వైన్‌తోనే సాంగ్రియా చేస్తారు, అది పండుగ పూటకు తగిన మెరుపు, కానీ ఖర్చు రెట్టింపు. మామూలు సోడాయే నేను వాడేది. దేన్ని వాడినా జగ్గులో ముందుగా పోయకూడదు. గ్లాసులో ముక్కలు, మూడు వంతుల వైన్ వేసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సోడాను పైన పోసి, చెంచాతో ఒక్కసారి కింది నుంచి పైకి తిప్పితే బుడగ చివరి గుక్క దాకా ఉంటుంది.

దుకాణాల్లో దొరికే రెడీమేడ్ సీసాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాటిలో తీపి ముందు వస్తుంది, తాజా పండు వాసన రాదు. ఎవరైనా బహుమతిగా తెస్తే సోడా, నిమ్మ ఎక్కువగా చేర్చి, పచ్చ ఆపిల్ ముక్కలు వేసి పోయవచ్చు.

జగ్గు కలపడం, పోయడం

పన్నెండు మందికి రెండు సీసాలతో మొదలుపెట్టి, మూడవది ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంచుకుంటే సరిపోతుంది. హైదరాబాద్ వేసవికి నేను స్థిరపడిన కూర్పు ఇది: సావిన్యాన్ బ్లాంక్ రెండు సీసాలు, రెండు పచ్చ ఆపిల్స్, రెండు కమలాల తొక్క చెక్కులు, ఆ కమలాల రసం, నాలుగు చెంచాల చక్కెర, ఒక నిమ్మకాయ, గంట ముందు వేయడానికి గట్టి బంగినపల్లి ఒకటి. ఆపిల్‌నూ తొక్కనూ చక్కెర, నిమ్మతో ఊరబెట్టి, వైన్ పోసి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తొక్క చెక్కులు తీసివేసి, కమలా రసం, మామిడి కలపడమే మిగతా పని. అమెరికాలో అయితే విన్యో వెర్దె, పీచ్, ఆరెంజ్, పచ్చ ఆపిల్‌తో ఇదే పద్ధతి. ఆ వైన్‌లో ఆల్కహాల్ తక్కువ కనుక సోడా కూడా కొంచెం తగ్గించుకోవచ్చు. జగ్గు గాజుదో పింగాణీదో అయి ఉండాలి, పుల్లని వైన్‌ను గంటల తరబడి అల్యూమినియం గిన్నెలో ఉంచకూడదు.

తాగనివారికీ పిల్లలకూ మరొక జగ్గు తప్పకుండా పెట్టాలి, అది తక్కువ చేసినట్టు కనిపించకూడదు. తెల్ల ద్రాక్ష రసం, నిమ్మ, కొంచెం సైంధవ లవణం, అవే పండ్ల ముక్కలు, సోడా కలిపితే దానికంటూ ఒక రుచి ఏర్పడుతుంది. కానీ రెండు జగ్గులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఇదే నాకు ఎప్పుడూ భయం కలిగించే విషయం. అందుకని పుదీనా రెమ్మలు మద్యం లేని జగ్గులోనే వేస్తాను, వైన్ జగ్గులో ఎట్టి పరిస్థితిలోనూ ఆకు కనిపించనివ్వను, గ్లాసులు కూడా వేరు రకంవి పెడతాను, వచ్చినవారికి ఆ మాట ముందే చెబుతాను. గ్లాసు ఖాళీ అయ్యాక అడుగున మిగిలే ఆపిల్, మామిడి ముక్కలు మరొక ప్రమాదం. వైన్ పీల్చుకున్న ఆ ముక్కలను పిల్లలు చెంచాతో తీసుకుని తినేస్తారు, కాబట్టి ఖాళీ గ్లాసులను బల్ల మీద వదలకుండా వెంటనే తీసేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ, అమెరికాలోనూ మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలి. బండి నడిపేవారి విషయంలో మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌కే హద్దు గీసింది, టెక్సాస్‌లో ఆ హద్దు 80. తాళంచెవి జేబులో ఉన్నవారి చేతికి పుదీనా గ్లాసు అందించి, తాగినవారికి క్యాబ్ పిలవడం ఇంటివారి బాధ్యత.

మిగిలిపోయిన సాంగ్రియాలో సోడా కలవకపోతే ముక్కలు వడగట్టి, సీసాలో నిండుగా పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మరుసటి రోజు సాయంత్రం వరకు బాగుంటుంది, మామిడి ముక్కలతో పాటు ఉంచితే ఉదయానికే మడ్డి కడుతుంది. వడగట్టిన ఆపిల్, పీచ్ ముక్కలను చిన్న మంట మీద తమ రసంలోనే పది నిమిషాలు మగ్గనిచ్చి, రెండు యాలకులు దంచి వేసి చల్లార్చి, వెనిలా ఐస్‌క్రీమ్ మీద పెద్దలకు వడ్డించవచ్చు.